దింపుడు కల్లం కాడ రంపం మిషన్

మా అమ్మ మా ఆయనతో ఎదురుపడి మాట్లాడటం నేను జన్మలో ఒక్కసారే చూశాను. మా ఇండ్లలో అత్త అల్లుడి ముందుకు రాదు. అల్లుడు వాకిట్లో మంచం మీద కూర్చుంటే అత్త తలుపు చాటున నిలబడుతుంది. "అల్లుణ్ని ఇంకింత పెట్టుకోమను బిడ్డా" అని నాకు చెబుతుంది. ఆ మాట ఆయనకు వినబడే ఉంటుంది. అయినా నేను తిరిగి చెప్పాలి. ఆయన "చాలని చెప్పు" అంటాడు. అది అమ్మకూ వినబడుతుంది, అయినా నేను మోసుకుపోవాలి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నాకు ఒళ్ళు మండి, "ఇద్దరికీ నోళ్ళు లేవా, నేనేమన్నా టపా మోసేదాన్నా" అని కసురుకున్నాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. మా నాయిన పోలిక అంటారు.

అమ్మ మాట్లాడిన ఆ ఒక్కసారి, మా నాయిన పోయిన మూడోనాడు. ఆ మాట దాకా రావాలంటే ముందు రంపం మిషన్ సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు ఇప్పటికీ తలవంపుగానే ఉంటుంది.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సు దిగి, అడవి అంచున మట్టిబాట పట్టి నడిస్తే మా ఊరు వస్తుంది. అప్పట్లో పట్టుమని యాభై గడప లేదు. మా నాయిన వయసులో ఉన్నప్పుడు బావి తవ్వుతుంటే అడుగున రాయి పడిందట. రాయి పేల్చడానికి తూటా పెట్టి, అందరూ పైకి ఎక్కి దూరంగా పోయినా నాయిన మాత్రం చూద్దామని ఒడ్డు మీదే నిలబడ్డాడట. ఆ పేలుడుకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో నోరు పెట్టి అరిస్తే ఏదో కొంత వినబడేది. మా ఇంట్లో అందరి గొంతులూ పెద్దవి కావడానికి కారణం అదే. గుసగుస అన్నది మాకు చేతకాదు.

మా ఆయన కొత్తగూడెంలో ఒక కాంట్రాక్టరు దగ్గర, కర్ర అడితిలో పని చేసేవాడు. బొగ్గు బావుల్లో కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు అక్కడ కోసేవారు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ లాగే రంపాలే ముందంతా. తర్వాత పెట్రోలు పోసి నడిపే రంపం మిషన్ ఒకటి వచ్చింది. దాన్ని నడపడం నేర్చుకున్న వాళ్ళలో ఈయన మొదటివాడు. ఇక చూడాలి సంబరం. అన్నం తింటూ కూడా ప్లగ్గు, చోకు, చెయిను అని అవే ముచ్చట్లు. నాకు ఇంట్లో సవతి లేని కొరత తీరింది.

ఒకసారి మా ఊరు వెళ్ళినప్పుడు ఈ మిషన్ ముచ్చటే మొదలుపెట్టాడు. నాయిన చెయ్యి చెవికి ఆనించుకొని అంతా విన్నాడు.

"గంత సప్పుడు జేస్తదా అల్లుడా?"

మా ఆయన వంగి కుడిచెవిలో అరిచాడు. "రెండూర్ల అవతలికి ఇనబడ్తది మామా."

"అట్లయితే నాకు గూడ ఇనబడ్తదంటవా?"

వాకిలంతా నవ్వింది. నాయిన నవ్వలేదు, నిజంగానే అడిగాడు. "ఒకనాడు తెస్త మామా, నీ పక్కనే పెట్టి నడిపిస్త" అన్నాడు ఈయన. తర్వాత ఏళ్ళు గడిచాయి. కాంట్రాక్టరు సేట్ మిషన్‌ను గడప దాటనిచ్చే రకం కాదు. ఆ మాట అందరం మరిచిపోయాం. నేనైతే పూర్తిగా మరిచిపోయాను.

నాయిన ముసురు పట్టిన రోజుల్లో పోయాడు. సాయంత్రం ఎడ్లకు గడ్డి వేసి వచ్చి, దాహమని చెంబు అందుకుంటూ పక్కకు ఒరిగాడట. పొద్దున్నే మొదటి బస్సుకు మా ఊరి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడి "మీ నాయినకు పానం బాగలేదు, జల్దీ రమ్మన్నరు" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో మా వైపు ఎవరికీ చెప్పనక్కర లేదు.

నేను ఏడుస్తూ చీర మార్చుకునేలోపు మా ఆయన చెప్పా పెట్టకుండా ఎటో పోయాడు. తిరిగి వచ్చేసరికి చంకలో గోనెసంచిలో చుట్టిన మూట ఉంది. పెట్రోలు వాసన గుప్పుమంది.

"ఏందది?" అన్నాను.

"మిషన్. సేట్ కాళ్ళు పట్టుకొని తెచ్చిన. ముసురుకు కట్టెలన్నీ నాని ఉంటయ్. నిరుడు గాలికి మీ చేన్ల పడ్డ మామిడి మొద్దు ఉన్నది గదా, లోపల ఎండే ఉంటది. గొడ్డళ్ళకు అది లొంగదు."

మాట సబబుగానే ఉంది. మా వైపు చితికి మామిడి కట్టె మంచిదంటారు. ఆ మొద్దు మనిషి కౌగిలికి అందనంత లావు, దాన్ని ఎవరూ ముట్టుకోలేక అలాగే వదిలేశారు. నేను సరేనన్నాను.

బస్సులో కండక్టరు మూట చూసి, వాసన చూసి, దించేయమన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నాను. కండక్టరు నన్ను చూసి మెత్తబడి, సీటు కింద అడ్డంగా పడుకోబెట్టమన్నాడు. నా ఏడుపు ఆ మిషన్‌కు టికెట్ అయినందుకు నాకు మొదటిసారి మనసు చివుక్కుమంది. దారి పొడుగునా గుంటలే, పడుకోబెట్టిన మిషన్ మా కాళ్ళ కింద దొర్లుతూనే ఉంది.

మేము చేరేసరికి ముసురు కాస్త తెరపి ఇచ్చింది. నాయినను చూరు కింద పడుకోబెట్టారు. వాకిట్లో పిడకల నిప్పు పొగ పెడుతోంది. చితికి తీసుకుపోయే నిప్పు అది, శవం లేచేదాకా ఆరనివ్వరు. ఊరంతట్లో ఉన్న నిప్పు అదొక్కటే. మా ఊళ్ళో శవం లేవనిదే ఏ ఇంటా పొయ్యి రాజెయ్యరు. చంటిపిల్లలకు రాత్రి మిగిలిన గంజి పెడతారు, అది అయిపోతే అంతే. నిన్న సాయంత్రం నుంచి ఆ ఊళ్ళో ఎవరూ వేడి మెతుకు ఎరగరు. నేను వస్తే శవం లేపుదామని ఆగారు. పొద్దు గూకకముందే దహనం కావాలి. ముసురు రోజుల్లో పొద్దు ఎప్పుడు గూకుతుందో కూడా తెలియదు, చూస్తుండగానే చీకటి పడిపోతుంది.

నేను నాయిన మీద పడి ఏడుస్తుండగా వెనక మా ఆయన గొంతు వినబడింది.

"గొడ్డళ్ళు పక్కకు పెట్టుండ్రి. మిషన్ తెచ్చిన. అరగంటల అయిపోతది."

మగవాళ్ళు అప్పటికే గొడ్డళ్ళు నూరుకొని మొద్దు దగ్గరికి బయలుదేరుతున్నారట. ఆ మాటకు ఆగారు. అల్లుడి మాట కదా, తీసెయ్యరు. నాకు ఆ ఏడుపులోనూ ఒక మూల గర్వం అనిపించింది. మా నాయినకు ఊళ్ళో ఎవరికీ లేనట్టు మిషన్‌తో కోసిన కట్టె అనుకున్నాను.

ఇంటి వెనక దొడ్డి దాటితే చేను. వాకిట్లో నేను కూర్చున్న చోటి నుంచి కంప తడిక సందులో మొద్దు కనబడుతుంది. ఆయన చొక్కా చేతులు మడిచి, మిషన్‌ను నేల మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి తాడు గుంజాడు. "గుర్ర్" మని ఆగిపోయింది. మళ్ళీ గుంజాడు. మళ్ళీ అంతే. ముసలివాళ్ళు గొంతు సవరించుకొని, మాట్లాడకుండా ఊరుకున్నట్టుగా ఉంది.

చుట్టూ మగవాళ్ళు గొడ్డళ్ళు తొడల మీద అడ్డంగా పెట్టుకొని గట్టు మీద కూర్చున్నారు. మా మేనత్త, అంటే నాయిన చెల్లెలు, రాగం తీసి ఏడుస్తోంది. "అన్నా, నీ ఎడ్లను ఎవరు ఇడుస్తరే" అంటుంది. అటు "గుర్ర్" మంటుంది. అత్త ఆగి, తల తిప్పి చూసి, మళ్ళీ మొదలుపెడుతుంది. కొంతసేపటికి మా ఏడుపులన్నీ ఆ తాడును బట్టే నడిచాయి. గుంజినప్పుడల్లా ఆడవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి, ఈసారి మోగుతుందేమోనని చూసేవారు. మోగదు. మళ్ళీ ఏడ్చేవారు. నాకు నాయిన మీదికి ధ్యాసే పోవడం లేదు. చెవులన్నీ ఆ తాడు మీదే ఉన్నాయి.

ఆయన చేయని పని లేదు. టాంకీ మూత తీసి ఊపి చూశాడు, పెట్రోలు ఉంది. అడుగున జల్లెడ తీసి నోటితో ఊదాడు. చోకు లాగి గుంజాడు, చోకు వదిలి గుంజాడు. ప్లగ్గు ఊడదీసి ధోవతి కొంగుతో తుడిచి, అగ్గిపెట్టె పక్కన గరుకు కాగితానికి రాసి, మళ్ళీ బిగించాడు. తాడు గుంజీ గుంజీ చెయ్యి బొబ్బలెక్కి, ఆ చేతికి తుండు చుట్టుకొని మళ్ళీ గుంజాడు. ఆయనకు అడితిలో ఎప్పుడూ ఈ బాగుచేసే పని పడలేదట. అక్కడ మిషన్ చెడితే కాంట్రాక్టరు మేస్త్రీని పిలిపిస్తాడు, ఈయన బీడీ కాల్చుకుంటూ కూర్చుంటాడు. ఆ సంగతి నాకు తెలుసు. మా వాళ్ళకు తెలియదు.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు చావైంది. నా పెళ్ళిలో ఈయన చెప్పులు దాచి అర్ధరూపాయి కోసం పొద్దుగూకేదాకా ఏడిపించిన వాళ్ళే అందరూ. బావ బామ్మర్దులంటే మాటకు మాట విసురుకోవాలి. ఆనాడు ఒక్కరూ నోరు విప్పలేదు. గొడ్డలి ఎత్తనూ లేదు. అల్లుడు ఒక పని మీద చెయ్యి వేసినాక, ఆయన మిషన్‌తో తంటాలు పడుతుంటే పక్కన ఇంకొకరు గొడ్డలి ఎత్తితే "నీ వల్ల కాదు, లేచి పో" అన్నట్టే. మా ఊళ్ళో అల్లుణ్ని ఆ మాట అనరు. ఆకలితో చస్తారు గాని అనరు. గోడ అవతల ఎవరి పిల్లో అన్నానికి ఏడుస్తుంటే, తల్లి దాని నోరు మూసి ఎత్తుకుపోవడం నాకు వినబడింది.

చివరికి మా అన్న వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అప్పటికే తల గొరిగించుకొని, తడిబట్టలతో వణుకుతున్నాడు.

"చెల్లె, నువ్వన్నా చెప్పరాదు బావకు."

"నేనేం చెప్పాలె?"

"మేం జెప్తే ముఖం గుంజుకుంటడు. పొద్దు పోతాంది. నాయినను ఇంకో రాత్రి ఉంచుడు అయితదా?"

నేను పోలేదు. ఇప్పుడు మోగుతుంది, ఇప్పుడు మోగుతుంది అని కూర్చున్నాను. నేను వెళ్ళి ఆపితే పోయేది ఆయన పరువొక్కటే కాదు, నాదీ. అది మోగితే ఇద్దరం గట్టెక్కుతాం. ఉన్నమాట చెబుతున్నాను. నాయిన చల్లబడి పక్కన పడుకొని ఉంటే, నేను ఒక మిషన్‌కు మొక్కుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు ఆయన చేలోంచి లేచి ఇంటివైపే రావడం కనబడింది. చేతిలో ప్లగ్గు ఉంది. దొడ్డి దాటి, తల వంచుకొని, ఎవరినీ చూడకుండా వాకిట్లోకి వచ్చి పిడకల నిప్పు ముందు గొంతుక్కూర్చున్నాడు. తడిసిన ప్లగ్గును కాస్త కాల్చి బిగిస్తే మిషన్ అందుకుంటుందని మేస్త్రీ చేయగా చూశాడట. కాల్చడానికి నిప్పు కావాలి. ఏ ఇంట్లోనూ నిప్పు లేదు. అగ్గిపుల్లలు తేమకు మెత్తబడి అంటుకోవడం లేదు. కనబడ్డది ఇదొక్కటే. పటకారతో ప్లగ్గు పట్టుకొని ఆ నిప్పు మీద పెట్టాడు.

ఏడుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. పెట్రోలు చుక్క పడి నిప్పు భగ్గుమంది. మేనత్త ఒక్కతే మెల్లగా, చాలా మెల్లగా అంది.

"అల్లుడూ, అది మా అన్న నిప్పయ్యా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్లగ్గు పటకారతో సహా జారి బురదలో పడింది. దాన్ని ఏరుకొని మళ్ళీ చేలోకి నడిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నన్ను చూడలేదు, నన్ను చూడకుండా ఉండాలని పనిగట్టుకొని నేల చూస్తున్నారు.

ఆయన మళ్ళీ తాడు గుంజిన చప్పుడు వినబడింది. అంతే, నేను లేచాను. కొంగు జారిపోతున్నా చూసుకోకుండా దొడ్డి దాటి చేలోకి పోయి, మా అన్న ముందు, మా పాలివాళ్ళందరి ముందు, మొగుడి ముఖం మీద అన్నాను.

"ఇగ బంద్ జెయ్. మా నాయినకు నీ మిషన్‌తోని ఏం పని?"

ఆయన తాడు వదిలి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. నా ముఖంలో ఏం చూశాడో, మూసుకున్నాడు. మిషన్‌ను రెండు చేతులా ఎత్తుకొని పక్కకు జరిగి, గట్టు అవతల పెట్టి, దాని పక్కన నేల మీదే కూర్చున్నాడు. మగవాళ్ళు లేచారు. గొడ్డళ్ళు పడటం మొదలైంది. నేను తిరిగి వస్తుంటే ఆ దెబ్బలు ఒక్కొక్కటీ నా వీపు మీద పడ్డట్టే ఉంది. అంతమందిలో మొగుణ్ని అంతమాట అన్న ఆడదాన్ని మా ఊళ్ళో నేను అంతకుముందు చూడలేదు.

మొద్దు కొమ్మల వైపు నుంచి చితికి సరిపడా కట్టె కొట్టారు. పెద్ద బోదె అలాగే వదిలేశారు. కట్టె బండికెత్తి ముందు పంపి, పాడె లేపారు. ఆయన మాత్రం రాలేదు. పిలవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. నేనూ పిలవలేదు.

మా వైపు ఊరు దాటాక ఒకచోట పాడెను నేలకు దించుతారు. దింపుడు కల్లం అంటారు. ప్రాణం ఎక్కడన్నా చిక్కుకొని ఉందేమోనని ఆఖరి ఆశ. కొడుకు శవం చెవిలో నోరు పెట్టి పిలుస్తాడు. అందుకోసం డప్పులు కూడా ఆపుతారు. ఆడవాళ్ళం అక్కడిదాకే పోతాం, ఆపైన కాటికి మగవాళ్ళే. మామూలుగా ఎవరైనా చెవిలో గొణిగినట్టే పిలుస్తారు. మా అన్న అలవాటు కొద్దీ కుడివైపుకు వెళ్ళాడు, బతికినప్పుడు వినబడే చెవి వైపుకు. వంగి, ఎప్పటిలాగే పెద్దగా అరిచాడు.

"ఓ నాయినా."

ఎవరూ కదలలేదు. పసిపిల్లలు కూడా ఊరుకున్నారు. చెట్ల మీద నుంచి నీళ్ళు రాలుతున్న చప్పుడు ఒక్కటే ఉంది.

అప్పుడు చేలోంచి రంపం మిషన్ మోగింది.

ముందు నాకు అదేమిటో అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇన్ని గంటలు గుంజినా నోరు విప్పనిది, మా నాయినను పిలిచే ఆ ఒక్క ఘడియలో గొంతు విప్పింది. అడవంతా మారుమోగింది. ఒకసారి లేచి, కాస్త తగ్గి, మళ్ళీ లేచింది. కర్రలోకి దిగినప్పుడు గొంతు మారడం కూడా స్పష్టంగా వినబడింది. డప్పుల వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్న వంగినవాడు వంగినట్టే ఉండి, మళ్ళీ పిలవాలా వద్దా తెలియక చుట్టూ చూశాడు. ఆపమని పరుగెత్తాలని ఉంది. భూమి చీలితే అందులో పడిపోవాలని ఉంది. ఈ మనిషిని కట్టుకున్నది నేనే కదా అని ఒళ్ళంతా ముడుచుకుపోయింది. నాయిన పోయిన దుఃఖం కూడా ఆ నిమిషంలో నాకు గుర్తు లేదు, సిగ్గు ఒక్కటే మిగిలింది.

మా అమ్మ మాత్రం ఏడుపు ఆపి ఆ చప్పుడు వచ్చే దిక్కు చూసింది. తర్వాత నాయిన ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. "పిలువు బిడ్డా" అంది అన్నతో. అన్న మిషన్ చప్పుడు మీదుగా ఇంకా గట్టిగా అరిచాడు. పాడె లేచింది.

మేము తిరిగి వస్తుంటే బాట మీద ఆయన ఎదురొచ్చాడు. భుజం మీద కోసిన మామిడి దుంగ ఒకటి ఉంది. తలనిండా, చొక్కానిండా రంపపు పొట్టు. పరుగులాంటి నడకతో వస్తున్నాడు. మా అమ్మను చూసి, అల్లుళ్ళు జరిగినట్టే, బాట దిగి ముళ్ళకంపలో నిలబడి దారి ఇచ్చాడు. నేను ఆయన పక్క నుంచే నడిచాను. ముఖం పక్కకు తిప్పుకొని నడిచాను. ఆ దుంగ చితి మీద పెట్టే వేళకు చేరిందని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ఊరంతా పొయ్యిలు రాజుకున్నాయి. ఇండ్ల కప్పుల మీద పొగలు చూసి నాకు కొంచెం ఊపిరి ఆడింది. పక్కింటివాళ్ళు అన్నం వండి తెచ్చారు. ఆయన తినలేదు. మిషన్‌కు ఏమైందో ఎవరూ అడగలేదు, ఆయనే నా పక్కన కూర్చొని చెప్పాడు. బస్సులో అడ్డంగా పడుకోబెడితే లోపల పెట్రోలు నిండిందట. గుంజినకొద్దీ ఇంకా తాగి, ప్లగ్గు మునిగిందట. ముట్టుకోకుండా ఒక పక్కన వదిలేస్తే అదే ఆరి, అదే మోగిందట.

"కోపమొచ్చినప్పుడు నిన్ను వదిలేసినట్టు వదిలేస్తే అయిపోతుండె" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను అటు తిరిగి పడుకున్నాను.

రెండు రోజులూ మా అన్నదమ్ముల వరస వాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. వానల గురించి, ఎడ్ల గురించి, బస్సుల గురించి మాట్లాడారు. రంపం అన్న మాట ఎవరి నోటా రాలేదు. మేనత్త ఒక్కసారి "గాచారం" అని నిట్టూర్చి ఊరుకుంది. ఏ ఒక్కడైనా "ఏం బావా, మామను లేపుదామనుకున్నవా" అని ఎగతాళి చేస్తే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో. ఎగతాళి చేస్తే అయిపోతుంది. వాళ్ళు మర్యాద చేశారు. ఈయన వాకిట్లో మంచం మీద కూర్చోవడం మానేశాడు. కొట్టంలో ఎడ్ల దగ్గర, మిషన్ మూట పక్కన పెట్టుకొని కూర్చునేవాడు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. నాయినకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఆగి, మగవాళ్ళు తిరిగి వచ్చారు. అన్న ఎముకలు మూటగట్టుకొని గోదాట్లో కలపడానికి భద్రాచలం బయలుదేరాడు. అందరూ బంతికి కూర్చున్నారు. ఈయన కొట్టంలోంచి లేచి రాలేదు. "ఆకలి లేదని చెప్పు" అన్నాడు. నేను ఆ మాట పట్టుకొని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాను.

అమ్మ విని, చేతిలో ఉన్న గరిట కింద పెట్టింది. గడప దాటింది. వాకిలి దాటింది. బంతిలో ఉన్నవాళ్ళు ముద్ద చేతిలోనే పట్టుకొని చూస్తుండగా కొట్టం ముందుకు వెళ్ళి, అల్లుడికి ఎదురుగా నిలబడింది. ఆయన కంగారుగా లేచి పక్కకు తప్పుకోబోయాడు. ఎడ్ల గాడి అడ్డం వచ్చింది.

"అల్లుడా" అంది. ఆ గొంతు ఆయనను ఆ పిలుపుతో పిలవడం అదే మొదలు. "మీ మామకు మిషన్ ఇనిపిస్తనంటివి. తెస్తివి, ఇనిపిస్తివి. నా కొడుకు పిలిస్తే ఇన్నడో లేదో నాకు తెల్వదు. ఆయన అదొక్కటి మాత్రం ఇనే పోయి ఉంటడు."

ఆయన తల ఎత్తలేదు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడని తెలుసుకున్నాను. నాకు అప్పుడు గుర్తొచ్చింది. నాయిన చెవికి చెయ్యి ఆనించుకొని, నవ్వకుండా, నాకు గూడ ఇనబడ్తదా అని అడిగిన రోజు. సేట్ కాళ్ళు పట్టుకొని మిషన్ ఎందుకు తెచ్చాడో, చేలో నేను అరిచినప్పుడు ఏం చెప్పబోయి నోరు మూసుకున్నాడో. మా నాయినకు నీ మిషన్‌తోని ఏం పని అన్నది నేను. ఆయన కన్నబిడ్డను.

అమ్మ కొంగు సర్దుకొని, వచ్చిన దారినే తిరిగి వెళ్ళి, తలుపు చాటున నిలబడింది. మళ్ళీ ఎప్పటి అత్త అయిపోయింది. ఆయన ముఖం తుడుచుకొని, అటు చూడకుండా, నాతో అన్నాడు.

"అత్తమ్మను ముందుగాల తినమను."

ఆ మాట అమ్మకు వినబడింది. మోసుకుపోవాల్సింది నేను. నేను ఉన్నచోటే నిలబడిపోయాను. ఆ ఇద్దరి మధ్యా నిలబడే అర్హత నాకు లేదనిపించింది. అమ్మ తలుపు పట్టుకొని, నేను వచ్చి చెప్పేదాకా అక్కడే నిలబడి ఉంది.